మాట్లాడినోళ్ళ పేర్లు

మా అక్క స్వరూపరాణి "జార్జియాకు పోత" అన్నప్పుడు నేను మిషన్ మీద జాకెట్టు చేతులు కుడుతున్న. సూది వేలుల దిగకుంట జర్రల తప్పింది.

"ఏడున్నదే అది?" అన్న.

"రష్యా పక్కకు."

"రష్యా పక్కకు నీకేం పనే తల్లీ?"

"ఆడ ఒక పల్లెటూరి బడిల పోరలతోని ఇంగ్లీషు మాట్లాడిచ్చే పని. మూడు నెలలు. జీతం ఉండదు. ఉండనీకి ఇల్లు, తిననీకి తిండి వాళ్ళే ఇస్తరు."

సర్కారు కొలువు చేసి, రిటైరై, పింఛను తీసుకుంట నీడపట్టున కూసోవలసిన మనిషి, జీతం లేని కొలువు కోసం విమానమెక్కుతదట. నాకు కోపం రాదా మరి? కత్తెర బల్ల మీద కొట్టిన. "నీకేమన్న పిచ్చి లేశిందా?" అన్న. అక్క నవ్వింది. నేను కోపానికొస్తె అది నవ్వుతది, చిన్నప్పటి సంది గంతే.

నా పేరు హన్నమ్మ. నారాయణఖేడ్ల మంగల్‌పేట తొవ్వల నాది లేడీస్ టైలరు దుక్నం. మా నాయన హాస్టల్ల వంట చేసి మా ఇద్దరిని సాదిండు. నాకు చదువు ఎక్కలే, అక్కకు ఎక్కింది. ఇంగ్లీషు టీచరు కొలువు కొట్టింది. మనూర్ల కొన్నేండ్లు, కంగ్టి దిక్కు కొన్నేండ్లు, ఆఖరుకు సిర్గాపూర్‌ల చేసింది. పొద్దుగాల టిఫిన్ గిన్నె సంచిల వెట్టుకొని షేర్ ఆటోల ఇరుక్కొని పొయ్యేది, పొద్దూకినంక దుమ్ము కొట్టుకొని వచ్చేది. ఒక్కనాడు నాగా వెట్టిన మనిషి గాదు.

అక్క క్లాసుల అడుగువెడితే చీమ చిటుక్కుమన్నా ఇనవడేది. ఇది నేను గొప్పకు చెప్తలేను, మా ఇంటికి వచ్చిన సార్లే చెప్పిండ్రు. పక్క క్లాసుల పోరలు కొట్టుకొని సస్తున్నా, అక్క క్లాసు మాత్రం సల్లగ ఉంటుండె. ఎట్లనంటరా? లీడరు.

మన దిక్కు బడికి పోయినోళ్ళందరికి ఈ లీడరు కథ ఎరుకే. టీచరు ఆఫీసు రూములకు పోవాల్సి వస్తే క్లాసు లీడరు సాక్‌పీసు పట్టుకొని బోర్డు కాడ నిలవడుతది. పైన ‘మాట్లాడినవాళ్ళు’ అని రాసి కింద గీత గీస్తది. ఎవరు నోరిప్పితే వాళ్ళ పేరు బోర్డెక్కుతది. ఒక్కపారి పేరెక్కినోళ్ళు మళ్ళ మాట్లాడితే పేరు పక్కకు ఒక ఇంటు గుర్తు. ఇంకా మాట్లాడితే ఇంకొక ఇంటు. టీచరొచ్చి వరుసగ పేర్లు చదువుతది, చేతులు చాపమంటది, ఎన్ని ఇంటులుంటే అన్ని దెబ్బలు. లీడరుకు దోస్తులైతే పేరు తుడిపేస్తది, పడనోళ్ళయితే మాట్లాడకున్నా రాస్తది. అది వేరే కథ.

మా అక్క చెడ్డది అనుకునేరు. అస్సలే కాదు. పోరలకు జెరమొస్తే ఆటోల ఏసుకొని ఖేడ్ దవాఖానకు తీసుకొచ్చింది. చెప్పులు లేనోళ్ళకు చెప్పులు కొనిచ్చింది. తల్లిదండ్రులే "కొట్టు టీచరమ్మా, మాకేం ఫికర్ లేదు, వాడు దారికొస్తే సాలు" అని చెప్పి పోతుండ్రి. పదో తరగతిల అక్క సబ్జెక్టుల ఫెయిలైన పోరడు లేడు. గ్రామరంతా వాళ్ళ నోట్లె ఉంటుండె. అయితే ఒక్క మాట నేను ఎప్పుడో అడిగిన, "ఏమే, నీ పోరలు ఇంగ్లీషుల మాట్లాడుతరా?" అని. "పరీక్షల మాట్లాడుడు అడుగుతరానె?" అన్నది. నాకు నిజమే అనిపిచ్చింది.

రిటైరైనంక ఇంట్ల కూసున్నది. కూసున్నదంటే కూసున్నదా! మా లాజరు బావ ఆర్టీసీల కండక్టరు చేసి ఆమె కంటె ముందుగాలనే రిటైరై, హాయిగ బతుకుతున్న మనిషి. ఆయనకు టైంటేబుల్ ఏసింది. ఇప్పుడు పేపరు, గీ టైముకు స్నానం, గా టైముకు నడుసుడు. బావ నా దుక్నంల వచ్చి కూసునేటోడు. "హన్నమ్మా, చాయ తాగనీకి గూడ మీ అక్కతోని పర్మిషన్ తీసుకోవాలె. నన్ను జర నీ దుక్నంల గుండీలు కుట్టనీకి పెట్టుకో" అంటుండె. పాపం అనిపిస్తుండె నాకు. బావ మీద కాదు, అక్క మీద. పొద్దుగాల లేశి తయారైతుండె, ఎటు పోవాల్నో తెల్వక వాకిట్ల నిలవడుతుండె.

గట్లున్నప్పుడు వచ్చింది యాస్మీన్. మాకు ఎరుకైన హఫీజ్ భాయ్ బిడ్డ, కంగ్టిల అక్క దగ్గర చదివింది, ఇప్పుడు జార్జియాల డాక్టరు చదువుతుంది. సెలవులకు వచ్చి టీచరును చూడనీకి వచ్చింది. "టీచర్, మా పట్నంకెల్లి బస్సుల పోతె కొండల మీద ఒక ఊరున్నది. ఆ ఊరి బడికి ఇంగ్లీషు వచ్చినోళ్ళు కావాల్నట. క్లాసు టీచరు వేరే ఉంటది, మీరు ఆమెకు సాయంగ ఉండాలె. మా దోస్తు ఒకామె చేసొచ్చింది. వయసుతోని పని లేదు టీచర్, మీరు వస్తరా?" అని నవ్వులాటకు అడిగింది. అక్క నవ్వులాటకు తీసుకోలే. ఆ పొద్దే ఆ పిల్లను కూసోవెట్టి అర్జీ పంపిచ్చింది. ఫోన్ల వీడియో పెట్టి ఇంటర్వ్యూ చేసిండ్రు. అక్క అన్ని జవాబులు ముందుగాలనే రాసుకొని ఫోను పక్కకు గోడకు అంటువెట్టుకొని సదివింది. వాళ్ళకు మస్తు నచ్చిందట.

ఇగ చూడుండ్రి మా ఊరోళ్ళ సంబురం. పాత స్టూడెంట్లు బస్టాండ్ ముందల ఫ్లెక్సీ కట్టిండ్రు. అక్క ఫోటో, పక్కకు విమానం బొమ్మ, ‘విదేశాలకు ఇంగ్లీషు నేర్పబోతున్న మా స్వరూపరాణి టీచరుకు శుభాకాంక్షలు’ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఫ్లెక్సీ కొట్టిచ్చిన స్టూడెంటు ధర్మేందర్ తన ఫోటో అక్క ఫోటో కంటె పెద్దగ ఏయించుకున్నడు. చర్చిల ప్రార్థన చేసిండ్రు, శాలువలు కప్పిండ్రు. బావ ఆ ఫ్లెక్సీని కిందికెల్లి మీదికి చూసి అన్నడు కదా, "రాణీ, ఇగ మూడు నెలలు నిండకుంట వస్తే నువ్వు బస్టాండ్ల దిగరాదు. కంగ్టి దాక టికెట్ తీసుకొని, చీకటైనంక వెనుక తొవ్వల ఇంటికి రావాలె."

అందరం నవ్వినం. అక్క నవ్వలే.

పోయిన కొత్తల రోజు పొద్దూకంగ ఫోను చేస్తుండె. ఆడ మనకంటె గంటన్నర వెనుక. ఆమె ఉన్న ఇంట్ల ఒక ముసలామె, ఒక ఆవు, ఇంటి ముందల ద్రాక్ష పందిరి. రొట్టెను వాళ్ళు ‘పూరి’ అంటరట. ఆ ముసలామె తినుమని తినుమని కొసరుతుందట, మన దిక్కు పెద్దమ్మల లెక్కనే. పోరల పేర్లు చూస్తె అన్ని బైబిలు పేర్లే, దావీదు, మరియం, తామారు. అక్కకు ప్రాణం లేచొచ్చింది. చలి మాత్రం చంపుతున్నది అన్నది. నేను ఇచ్చిన తొక్కు డబ్బ అప్పటికే సగమైందట.

"పోరలెట్లున్నరే?" అన్న.

"మస్తు మంచి పోరలు హన్నా! ఒక్కరు నోరిప్పరు!" అన్నది సంబురంగ.

నాకు నవ్వాగలే. "అక్కా, నోరిప్పిచ్చనీకే గదనే నిన్ను పిలిచింది?"

అక్క ఆవు ముచ్చట ఎత్తుకొని ఫోను వెట్టేసింది. 

ఆ తర్వాత ముచ్చట మెల్లమెల్లగ బయటవడ్డది. క్లాసు టీచరు పేరు నీనో, మా దుక్నంల కుట్టనీకి వచ్చే పిల్లలంత వయసు. ఆ పిల్ల బల్ల మీదనే కూసుంటదట, పోరలు ఆమె చుట్టు కూసుంటరట, లొల్లి లొల్లి చేస్తరట. అక్క పని ఏందంటే, రోజు కొంతసేపు వాళ్ళతోని ఇంగ్లీషుల ముచ్చట వెట్టాలె. ముచ్చటనే, పాఠం కాదు. అక్కకు ముచ్చట వెట్టుడు వస్తదా? చేతులు వెనుకకు కట్టుకొని బోర్డు ముందల నిలవడింది. పోరలు ఆమెను చూసి బిగుసుకున్నరు. తొమ్మిదేండ్ల పోరలు. నీనో ఉన్నంత సేపు పిచ్చుకల లెక్క కిచకిచ, అక్క లేశి నిలవడితే గప్‌చుప్.

వారాలు పోయినై గని పోరలు నోరు తెరువలే. ఒకనాడు ఫోను చేసి ఏడ్చింది మా అక్క. మా నాయన పోయినప్పుడు గూడ నలుగుట్ల ఏడ్వని మనిషి.

"నీనో చెప్పింది హన్నా. పోరలు నన్ను చూస్తె భయపడుతున్నరట. శుక్రవారం నాడు పట్నంకెల్లి ఆఫీసు మేడం వస్తదట చూడనీకి. పోరలు నాతోని మాట్లాడకుంటె నన్ను క్లాసులకెల్లి తీసి, లైబ్రరీల పుస్తకాలకు చీటీలు అంటువెట్టే పని ఇస్తరట. అది ఇష్టం లేకుంటె ఇంటికి పోవచ్చట."

"వచ్చెయ్యే! ఎవనికి భయం? ఆ ఫ్లెక్సీ నేనే చింపి దుక్నం ముందల ఎండకు కట్టుకుంట!"

"ఫ్లెక్సీ ముచ్చట గాదే. నాకే మాట వస్తలేదు. వాళ్ళను ఏమన్న అడుగుదామని నోరు తెరుస్త, గంతల్నే గ్రామరు యాదికొస్తది. తప్పు పోతదేమో అని మూసుకుంట. ఇన్నేండ్లు ఇంగ్లీషు చెప్పిన, ఒక్క మనిషితోని ఇంగ్లీషుల ముచ్చట వెట్టలే నేను. పనికిరాదని పంపిస్తే ఇగ నేను టీచరునని చెప్పుకోనీకి ఏమున్నది హన్నా?"

 ఎంత తిట్టినా అక్క గద. "యేసయ్య ఉన్నడే, పండుకో" అన్న. నేను మాత్రం ఆ వారంల ఒకరి కొలతతోని ఇంకొకరి జాకెట్టు కత్తిరిచ్చిన. బావ గూడ పరేషాన్ అయ్యిండు, ఎప్పుడు నవ్వులాటలాడే మనిషి మూతి ముడుచుకొని కూసున్నడు.

శుక్రవారం నాడు ఏమైందో అక్క నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నేను గట్లనే చెప్తున్న.

మేడం కారు బడి ముందల ఆగంగనే నీనో ఆమెను తీసుకరానీకి బయటకు పోయింది. క్లాసు అక్క చేతిల వెట్టి పోయింది. నీనో అట్ల పోయిందో లేదో పోరలు వాళ్ళ భాషల లొల్లి మొదలువెట్టిండ్రు. అక్కకు పై ప్రాణం పైననే పోయింది. మన దిక్కు బడిల తనిఖీకి పెద్ద సారు వస్తున్నడంటే టీచర్లకు ఎట్లుంటది? క్లాసుల లొల్లి ఇనవడితే నెత్తి మీద పిడుగు వడ్డట్టే. అక్కకు దిమాక్ పనిచేయలే, చేతులు వాటంతట అవే పని చేసినై. ముందల బల్ల మీది తామారు అనే పిల్లను పిలిచింది. చేతిల సాక్‌పీసు వెట్టింది. బోర్డు మీద అడ్డంగ గీత గీసింది. మాట్లాడినోళ్ళ పేర్లు రాయి అని ఇంగ్లీషుల చెప్పింది.

ఆ పిల్లకు లీడరంటే తెల్వదు, ఇంటులంటే తెల్వదు. దాని లెక్క దానిది. ఈ అమ్మ అంత దూరంకెల్లి వచ్చింది దేనికి? మనతోని ఇంగ్లీషు మాట్లాడిచ్చనీకి. ఇప్పుడు మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాయమంటుంది. అంటే ఇది బహుమానమన్నట్టే గద! వాళ్ళ భాషల అందరికి గదే చెప్పింది.

గంతే. వెనుక బల్లకెల్లి దావీదు అనే పోరడు లేశి నిలవడి ఇంగ్లీషుల అన్నడు, "మా తాతకు ఆవున్నది!" తామారు వాని పేరు రాసింది. ఆ పోరడు ఎగిరి గంతేసిండు. ఇగ సూస్కో. "నాకు గోబిగడ్డ ఇష్టం లేదు!" "మా అమ్మకు కోపమెక్కువ!" "మా కుక్క చెడ్డది, బూటు తిన్నది!" ఎవరి నోటికొచ్చింది వాళ్ళు ఇంగ్లీషుల ఒర్లుతున్నరు. పేరెక్కినోళ్ళు ఊకున్నరా? మళ్ళ మాట్లాడి, పేరు పక్కకు ఒక గుర్తు వెట్టుమని తామారు మీదవడ్డరు. ఆ పిల్ల పేర్ల పక్కకు ఇంటులే పెడుతుంది, దానికి ఎవరు నేర్పిండ్రో దేవునికే ఎరుక.

అక్క "సైలెన్స్! సైలెన్స్!" అని ఒర్లింది. ఒక పోరి లేశి, అది గూడ ఇంగ్లీషు మాటనే గద అని, "సైలెన్స్!" అని గట్టిగ అరిచి తన పేరు రాయించుకున్నది.

గప్పుడు తలుపు తెరుచుకున్నది. మేడం, ఆమె వెనుక నీనో.  అయిపాయె, ఇగ పెట్టె సదురుకునుడే అనుకున్నది అక్క. మేడం తలుపు కాడనే నిలవడి చూసింది. పోరలు ఆమెను గూడ పట్టిచ్చుకోలే, కుక్క ముచ్చట నడుస్తనే ఉన్నది. చూసి చూసి మేడం చప్పట్లు కొట్టింది. లోపలికి వచ్చి అక్క చేయి పట్టుకున్నది. "నేను ఇన్ని బడులు తిరిగిన, గిట్ల మాట్లాడే క్లాసు చూడలే. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టిండ్రు? మీ దేశంల దీన్ని ఏమంటరు? మా అన్ని బడులల్ల పెట్టిస్త, నాకు చెప్పుండ్రి" అన్నది.

నేనైతే ఊ అందును. ఎందుకు అనొద్దు? ఊ అంటే పని ఉంటది, పరువు ఉంటది, ఎవరికి తెల్వదు. అక్కకు గూడ నోటి దాక వచ్చిందట. గని పోరలందరు ఆమె మొఖమే చూస్తున్నరు, ఆ పద్ధతి పేరేందో ఇందామని. ఆ మొఖాల ముందల అబద్దం ఆడబుద్ధి కాలేదన్నది.

చెప్పింది. గ్రామరు గంగల కలిసింది, ముందటి మాట వెనుకకు, వెనుకటి మాట ముందుకు. అయినా ఆగలే. ఆమె అన్నది నేను తెలుగుల చెప్తున్న. "ఇది పద్ధతి గాదు మేడం, శిక్ష. మా దిక్కు మాట్లాడిన పోరల పేర్లు బోర్డు మీద రాయిస్తం. నేను వచ్చి చేతులు చాపమంట. కట్టెతోని కొడుత. పేరు పక్కన ఎన్ని గుర్తులుంటే అన్ని దెబ్బలు. నేను మస్తు ఏండ్లు గట్లనే చేసిన. ఇయ్యాల భయపడి అలవాటు కొద్ది చేసిన. వీళ్ళు మంచిదనుకున్నరు."

మేడం నవ్వు ఆగిపోయింది. నీనో నేల చూసింది. పోరలకు సగమే తెలిసింది, ఏంది ఏంది అని నీనోను అడిగిండ్రు. నీనో వాళ్ళ భాషల మెల్లగ చెప్పింది.  తామారు తన చేతిల సాక్‌పీసును చూసుకున్నది, బోర్డు మీది పేర్లు చూసింది. సాక్‌పీసు తీసుకపోయి బల్ల మీద వెట్టింది. అక్క ముందలకు వచ్చి నిలవడి, ఇంగ్లీషుల అడిగింది, "ఎందుకు?"

"మాట్లాడిండ్రని" అన్నది అక్క.

"అవును. గని ఎందుకు?" అన్నది ఆ పిల్ల.



ఆ పొద్దూకినంక నేను దుక్నం షట్టరు దించుతుంటె ఫోను మోగింది. "ఉండమన్నరు హన్నా" అన్నది అక్క. "మూడు నెలలు నిండేదాక నీనో క్లాసులనే ఉండమన్నరు. బోర్డు కాడ నిలవడకు, పోరల నడుమ కూసో, ఇప్పుడు మాట్లాడినట్టే మాట్లాడు, తప్పులు పోతె పోనీ అన్నది మేడం." నేను షట్టరు ఆడనే ఇడిసిపెట్టి, పక్కకు నిలవడ్డ బావ దిక్కు తిరిగి ఒర్లిన. "బావా! అక్క గెలిచిందే!" బావ కళ్ళు తుడుసుకున్నడు, కళ్ళల్ల దుమ్ము పడ్డదన్నడు, దొంగ. ఫోను మళ్ళ చెవికి వెట్టుకుంటె అక్క ఎక్కెక్కి ఏడుస్తుంది.

"పిచ్చిదానా, ఉండమన్నరు గద, మళ్ళ ఏడుపెందుకే?"

"ఆ పిల్ల ఎందుకు అని అడిగింది హన్నా. తొమ్మిదేండ్ల పిల్ల. మనూర్ల, కంగ్టిల, సిర్గాపూర్‌ల ఎంత మంది పోరలు నా ముందల చేతులు చాపిండ్రు. ఒక్కరంటె ఒక్కరు, ఎందుకు టీచర్ అని అడగలే."

"భయమాయె. ఎట్లడుగుతరే?"

"భయం గాదు" అన్నది అక్క. "అడుగుతె అది గూడ మాట్లాడినట్టే గద హన్నా. పేరు పక్కకు ఇంకొక ఇంటు పడుతుండె."